బాస్ ఫైటు, నాయన మృదంగం

రాత్రి పది దాటిందంటే మా ఇంట్లో యుద్ధం మొదలవుతుంది. అమ్మ పడుకుంటుంది, వీధి కుక్కలు సద్దుమణుగుతాయి, నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఏ రాక్షసుడి మీదనో కత్తి దూస్తాను. మాది కడప జిల్లా ఎర్రగుంట్ల పక్కన చిలమకూరు. అగస్త్యేశ్వర స్వామి గుడి ఉన్న ఊరు. చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా నాపరాయి తగులుతుంది. ఇంటి గోడలు, అరుగులు, చివరికి పశువుల తొట్లు కూడా ఆ రాళ్లతోనే కట్టుకున్నోళ్లం. మా ఇంటి నేల కూడా నాపబండలే.

ఈ కథ అసలు ఆ బండల వల్లే మొదలైంది.

పోయిన ఎండాకాలం నా చెవిలో ఈగ దూరినట్టు గుయ్యిమని ఒకటే మోత. ఇరవై నాలుగ్గంటలూ హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, పగలు ఆఫీసు మీటింగులు, రాత్రి గేములు! కొన్నాళ్లు వాటిని పక్కన పెట్టమని ప్రొద్దుటూరులో డాక్టరు చెప్పారు. సరేనని ఒక స్పీకర్ సెట్ కొన్నాను. అందులో బాస్ శబ్దం కోసం ఒక పెద్ద డబ్బా వచ్చింది. టేబుల్ మీద చోటు లేక దాన్ని కింద బండ మీదే పెట్టాను.

ఆ రాత్రి గేములో ఒక పెద్ద యుద్ధం నడుస్తోంది. వెనక ఎవరో నిలబడినట్టనిపించి తిరిగి చూస్తే నాయన. పక్క గదిలో కింద చాప మీద పడుకునే మనిషి. భుజం పట్టి లేపితే తప్ప లేవడు. పిలిస్తే వినపడదు.

‘‘ఎవురిదిరా ఆ దెబ్బ?’’ అన్నాడు.

‘‘ఏ దెబ్బ నాయనా?’’

‘‘అదే, ఆ డోలు. పండుకుంటే వీపుకు తగుల్తాండాది.’’

నాకు నోట మాట రాలేదు. ఆరేళ్లుగా మా నాయన ఒక వాయిద్యం గురించి అడగడం అదే మొదలు.

బాస్ అంటే ఎవరు?

గేములు ఆడనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఫాంటసీ గేమంటే మన జానపద సినిమాలాంటిదే. రాజ్యాలు, మంత్రగాళ్లు, మాయలు, గుహలు. ప్రతి మజిలీ చివర దారికి అడ్డంగా ఒక పెద్ద ప్రత్యర్థి ఉంటాడు. వాణ్నే ‘బాస్’ అంటారు. ‘పాతాళ భైరవి’లో తోట రాముడికి నేపాళ మాంత్రికుడు ఎలాంటివాడో, గేములో మనకు బాస్ అలాంటివాడు. వాణ్ని ఓడిస్తేనే కథ ముందుకు కదులుతుంది. ఓడిపోతే మళ్లీ మొదటికి.

ఆ యుద్ధానికి ప్రత్యేకంగా ఒక సంగీతం కడతారు. దానికి ప్రపంచమంతా అభిమానులున్నారు. సినిమా పాటల్లాగే జపాన్‌లో, అమెరికాలో, యూరప్‌లో పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలు గేమ్ సంగీతాన్ని వేదికల మీద వాయిస్తున్నాయి. జనం టికెట్లు కొనుక్కుని వెళ్లి వింటున్నారు. నేనైతే పని చేసుకుంటూ కూడా అవే వింటాను. ‘‘ఆ కొట్లాట పాటలు ఆపరా, తల నొస్తాంది’’ అని అమ్మ రోజూ తిడుతూనే ఉంటుంది.

ఇష్టమైన బాస్ సంగీతం ఏదని అడిగితే, ఆ రాత్రి దాకా నా జవాబు వేరే. నాయన వెనక నిలబడిన తర్వాత మారిపోయింది.

గెలిచేదెవరో తెలుసు, ఎప్పుడో తెలీదు

మా నాయన పగలు నాపబండలకు పాలిష్ పట్టే మిషన్ దగ్గర పనిచేసేవాడు. రాత్రుళ్లు డ్రామాలకు మృదంగం. శివరాత్రికి, శ్రీరామనవమికి చుట్టుపక్కల ఊళ్లలో కురుక్షేత్రమో, సత్య హరిశ్చంద్రో ఆడాలంటే ఆయనకు కబురొచ్చేది. చిన్నప్పుడు నేను కూడా వెంట పోయేవాణ్ని. స్టేజీ పక్కన మృదంగం గుడ్డ కప్పుకుని నిద్రపోయేవాణ్ని. యుద్ధం సీనొస్తే మాత్రం మెలకువ వచ్చేసేది.

భీముడు, దుర్యోధనుడు అట్టగదలు పట్టుకుని దిగుతారు. గెలిచేది భీముడేనని ఊరందరికీ తెలుసు. ఎప్పుడు గెలుస్తాడో మాత్రం ఎవరికీ తెలీదు. దుర్యోధనుడు మంచి ఊపు మీదుంటే పావుగంట పడవు. ఆయాసం వస్తే రెండు నిమిషాల్లో పడిపోవచ్చు. మధ్యలో పద్యం నచ్చి జనం ‘ఒన్స్‌మోర్’ అన్నారంటే కథ ఆగి మళ్లీ వెనక్కి పోవాలి. అంతసేపూ మృదంగం ఆగకూడదు. నాయన ఒకే నడకను తిప్పి తిప్పి వాయిస్తూ, చూపు మాత్రం నటుల కాళ్ల మీదే ఉంచేవాడు. భీముడు గద పైకెత్తి ఒక కాలు ముందుకేస్తే అది చివరి దెబ్బ. ఆవర్తనం ముగిసేలోగా ముక్తాయింపు అందుకోవాలి. గద తగలడం, మృదంగం తెగడం రెండూ ఒక్కసారే జరగాలి.

గేమ్ సంగీతం ఎలా పనిచేస్తుందో చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇది మా నాయన పనే కదా!

సినిమాలో యుద్ధం ఎన్ని నిమిషాలో సంగీత దర్శకుడికి సెకన్లతో సహా తెలుసు. ‘బాహుబలి’లో కాలకేయుల యుద్ధానికి కీరవాణి సంగీతం చేశారంటే, ఏ ఈటె ఏ క్షణాన దిగుతుందో తెరమీద చూసుకుని కట్టుకోవచ్చు. గేములో ఆ వీలు లేదు. ఒకడు బాస్‌ను రెండు నిమిషాల్లో కొడతాడు, నాలాంటివాడు ఇరవై నిమిషాలు తిప్పలు పడతాడు. అందుకే ఆ సంగీతాన్ని చుట్టూ తిరిగేలా కడతారు. చివర మళ్లీ మొదటికి అతుక్కుపోతుంది. అతుకు చెవికి తెలియకూడదు. బాస్ సగం ప్రాణం పోగొట్టుకుంటే సంగీతం ఇంకో మెట్టెక్కాలి. కొన్ని గేముల్లో ఆ మార్పు కూడా ఎక్కడబడితే అక్కడ జరగదు. నడుస్తున్న తాళం ఒక చుట్టు పూర్తయ్యేదాకా ఆగి అప్పుడు మారుతుంది. నాయన ఆవర్తనం కోసం ఆగినట్టే. డ్రామాలో నటుడి కాలును మృదంగం చూస్తే, గేములో ఆటగాడి వేళ్లను ప్రోగ్రామ్ చూస్తుంది.

మా జిల్లాకు ఇది కొత్త విద్యేం కాదు. 1885లో ఇదే కడప జిల్లాలోని సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటకాల్లో బాణానికి బాణం గాల్లో ఎదురై నిప్పులు రాల్చుకునేవి. ఆ తీగ లాగేవాడికి, వాయిద్యగాడికి, నటుడికి లెక్క ఒక్క క్షణం తప్పినా బాణం గురి తప్పినట్టే.

ఐదు చానళ్ల నుంచి కోరస్ దాకా

1980ల్లో జపాన్ నింటెండో కంపెనీ ‘ఫామికామ్’ అనే గేమ్ పెట్టెలో ఒకేసారి పలికే శబ్దాలు ఐదే. రెండు పీకల్లాంటి స్వరాలు, ఒక బండ స్వరం, తాళం కోసం ఒక బుస్సుమనే చప్పుడు, చిన్న చిన్న రికార్డు ముక్కలకు ఇంకొకటి. ఇంతే సరంజామా. దాంతోనే 1987లో నొబువో ఉఎమాత్సు ‘ఫైనల్ ఫాంటసీ’కి యుద్ధ సంగీతం చేశాడు. మా ఊరి డ్రామాకు ఒక హార్మోనియం, ఒక మృదంగం, తాళాలు ఉంటే కురుక్షేత్రం మొత్తం నడిచిపోయినట్టే ఇది కూడా.

పదేళ్లకు, 1997లో అదే ఉఎమాత్సు ప్లేస్టేషన్ మీద ‘ఫైనల్ ఫాంటసీ 7’ చివరి యుద్ధానికి ‘వన్ వింగ్డ్ ఏంజెల్’ కట్టాడు. అప్పటికి ఒకేసారి 24 శబ్దాలు పలికించే వీలొచ్చింది. ఆ సిరీస్‌లో మొదటిసారి మనుషుల గొంతులతో కోరస్ పెట్టించాడు. లాటిన్ మాటలు, మధ్యలో సెఫిరాత్ అని బాస్ పేరే గట్టిగా పిలవడం. వరసగా కూర్చుని రాయకుండా, చిన్న చిన్న సంగీతపు ముక్కలు విడివిడిగా రాసిపెట్టుకుని, తర్వాత వాటిని బొమ్మల అతుకుల్లా ఒకదాని పక్కన ఒకటి పేర్చానని ఆయన ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. వింటే తెలిసిపోతుంది. ఒక ముక్క ఉరుకుతుంది, వెంటనే ఇంకో ముక్క ఆపేస్తుంది. శత్రువు ఎటు నుంచి కొడతాడో తెలియనట్టు ఉంటుంది.

బీటెక్ హాస్టల్లో సీనియర్ అన్న ల్యాప్‌టాప్‌లో అది మొదటిసారి విన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చాలా ఏళ్లు నా నంబర్ వన్ అదే. ఇప్పటికీ బస్సు దొరక్క ఎర్రగుంట్లలో ఎండలో నిలబడితే నోట్లో అదే ఆడుతుంటుంది.

ఎక్కితేనే పాట

నాయన వీపుకు తగిలింది ఆ పాట కాదు. ఆ రాత్రి నేను ఆడుతున్నది ‘షాడో ఆఫ్ ది కొలోసస్’. 2005లో ఫుమిటో ఉఎడా బృందం చేసిన గేమ్, సంగీతం కో ఓతాని. చచ్చిపోయిన ఒక అమ్మాయిని బతికించుకోవాలని ఒక కుర్రాడు నిర్జన దేశానికి గుర్రం మీద వస్తాడు. కొండల్లాంటి 16 మహాకాయాలను చంపితే ఆమె బతుకుతుందని ఒక గొంతు చెబుతుంది. అంతే కథ. ఆ 16 తప్ప గేములో వేరే శత్రువులు లేరు.

గుర్రం మీద పోతున్నంతసేపూ సంగీతం ఉండదు. గాలి, గిట్టల చప్పుడు, అంతే. గండికోటలో పెన్న లోయ అంచున సాయంత్రం పూట నిలబడితే ఉండే నిశ్శబ్దం లాంటిది. మహాకాయం కనబడగానే భయపెట్టే సంగీతం మొదలవుతుంది. దాని ఒంటి మీద జూలు పట్టుకుని పైకెక్కడం మొదలుపెట్టాక, ఒక్కసారిగా డోళ్లు, తంత్రులు, కొమ్ములు లేస్తాయి. జారి పడితే మళ్లీ పాత భయం. అంటే వీరత్వాన్ని ఆ సంగీతం మనకు ఉత్తపుణ్యానికి ఇవ్వదు. ఎక్కి సంపాదించుకోవాలి.

ఆ డోళ్ల మోతే బండల గుండా పక్క గదికి పోయి నాయనను లేపింది.

నాయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చాలాసేపు తెర వైపే చూశాడు. నేను రెండుసార్లు జారిపడ్డాను. మూడోసారి పైకెక్కుతుంటే ఆయన చెయ్యి తొడ మీద ఆడడం మొదలైంది. నేను ఎక్కితే చెయ్యి ఉరుకుతుంది, వేలాడితే నెమ్మదిస్తుంది. చివరికి తల మీద కత్తి దించాను. మహాకాయం కూలిపోయింది.

అక్కడ ఏ గేములోనైనా గెలుపు బాకా మోగుతుంది. ఇందులో మోగదు. ఒక ఏడుపు లాంటి సంగీతం వస్తుంది. కూలిన ఆ కొండ నుంచి నల్లటి దారాలు వచ్చి కుర్రాడి ఒంట్లో దూరుతాయి. గెలిచినకొద్దీ వాడి రూపం పాడవుతుంది.

నాయన చెయ్యి ఆగిపోయింది. ‘‘గెలిచినాడా, సచ్చినాడా?’’ అన్నాడు.

‘‘గెలిచినాడు నాయనా.’’

‘‘గెలిచినట్టు ల్యాదే’’ అని లేచి వెళ్లిపోయాడు.

మృదంగం గూట్లోకి పోయిన రోజు

ఆరేళ్ల కిందట పక్క ఊళ్లో హరిశ్చంద్ర డ్రామా. నటుడు పద్యం ఎత్తుకుని చివరి పాదంలో రాగం తీస్తున్నాడు. పద్యం ఇంకా అవలేదు. నాయన అయిపోయిందనుకుని మృదంగం అందుకున్నాడు. నటుడు తిరిగి ఉరిమి చూశాడు. జనం నవ్వారు. అదే రాత్రి అలా రెండోసారీ జరిగింది. హార్మోనియం మాస్టరు చెవి దగ్గర ఏదో చెప్పాడట. అదీ సరిగా వినపడలేదు.

తెల్లారి ఇంటికొచ్చి మృదంగానికి గుడ్డ చుట్టి గూట్లో పెట్టేశాడు. ‘‘ఇంక మోయలేనురా’’ అన్నాడు. బరువు గురించేమో అనుకున్నాం.

అప్పటికే మేం కేకలు వేస్తేగానీ పలికేవాడు కాదు. ‘‘మాట వినపడ్తాది, ఏం మాటో తెలీదు’’ అనేవాడు. మేం పరధ్యానం అనుకున్నాం. ఫోన్ చేస్తే రెండు ముక్కల్లో పెట్టేస్తాడు. కోపం అనుకున్నాను. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసినన్నాళ్లూ నాయనతో నా మాటలు ‘తిన్నావా’, ‘తిన్నా’ దగ్గరే ఆగిపోయాయి. కరోనా తర్వాత ఇంటి నుంచే పని అన్నారు. ఊరికొచ్చేశాను. ఒకే ఇంట్లో ఉన్నాం, మాటలు మాత్రం పెరగలేదు.

ఊరి పాటే యుద్ధం పాట

ఆ రాత్రి తర్వాత నాయన రోజూ రావడం మొదలుపెట్టాడు. సినిమా చూసినట్టు స్టూలు మీద కూర్చుంటాడు. నాకిష్టమైన యుద్ధాలన్నీ ఒక్కొక్కటీ ఆడి చూపించాను.

పుణేలో నాడింగ్ హెడ్స్ గేమ్స్ వాళ్లు చేసిన ‘రాజీ’ చూపించాను. 2020లో వచ్చింది. తమ్ముడు గోలును ఎత్తుకుపోయిన మహాబలాసురుడి కోసం బయల్దేరిన అమ్మాయి కథ. అందులో కథ చెప్పే చోట తోలుబొమ్మలు వస్తాయి. ‘‘ఓరి, నిమ్మలకుంట బొమ్మల మాదిరి ఉండాయే’’ అని నాయన మురిసిపోయాడు. సంగీతం చేసింది గ్రీస్ దేశస్థుడు లైనోస్ జెలోస్ అంటే నమ్మలేదు.

2010లో వచ్చిన ‘నియర్’ చూపించాను. నన్నడిగితే బాస్ సంగీతంలో ఇంత నొప్పి పెట్టింది ఇంకోటి లేదు. కేయిచి ఒకాబే బృందం సంగీతం, ఎమీ ఎవాన్స్ గొంతు. ఆ పాటల్లో చాలా వాటికి భాష లేదు. ఎమీ తానే కొన్ని భాషలు కల్పించుకుని పాడింది. ‘బాహుబలి’లో కాలకేయుల కోసం మదన్ కార్కీ కిలికి భాష కల్పించినట్టు. ఆ గేములో మన ఊళ్లో ఇద్దరు కవల అక్కచెల్లెళ్లు ఉంటారు. ఒకామె నీళ్ల ఊట దగ్గర కూర్చుని నెమ్మదిగా ఒక పాట పాడుతుంటుంది. పనికి పోతూ వస్తూ గంటల కొద్దీ అదే వింటాం. అది మన ఊరి పాటయిపోతుంది. చివరికి ఆ ఇద్దరే మన దారికి అడ్డం నిలబడతారు. అప్పుడు అదే పాట యుద్ధం పాటై ఉరుముతుంది. కత్తి ఎత్తాలంటే చెయ్యి రాదు.

పాట సంగతి నాయనకు నోటితో చెప్పాను. ఎమీ గొంతు ఆయనకు సరిగా అందలేదు. డోలు అందింది. ‘‘ఆడమనిషి పాడ్తాందా? నాకు గాలి మాదిరి వినపడ్తాంది’’ అన్నాడు. ఆ మాట నన్ను పొడిచింది. మర్నాడే డాక్టరు దగ్గరికి పోదామన్నాను. ‘‘మిషను పెట్టుకుని తిరగమంటావా?’’ అని విసుక్కున్నాడు. రానంటే రానన్నాడు.

కాటి సీను

ఇక మిగిలింది ‘డార్క్ సోల్స్’. 2011లో హిదెటాకా మియజాకి దర్శకత్వంలో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ చేసిన గేమ్. సంగీతం మొతోయి సకురబా. కష్టానికి పేరు మోసిన గేమ్. చస్తూ, లేస్తూ, మళ్లీ చస్తూ పోవాలి. అందులో ఓర్న్‌స్టైన్, స్మావ్ అని ఇద్దరు బాసులు జంటగా ఒక మందిరంలో కొడతారు. అక్కడ కోరస్, బాకాలు అన్నీ ఉంటాయి. వాళ్ల చేతిలో ఎన్నిసార్లు చచ్చానో లెక్క లేదు. ‘‘ఒన్స్‌మోర్!’’ అని నాయన వెనక నుంచి వెక్కిరించేవాడు.

ఇలా ఊపిరి ఆడనివ్వకుండా పోయి పోయి చివరి బాస్ దగ్గరికి చేరతాం. పేరు గ్విన్. ఒకప్పుడు లోకానికి వెలుగిచ్చిన మహారాజు. వెలుగు ఆరిపోతోందని భయపడి, తనను తానే మంటకు ఆహుతిచ్చుకున్నాడు. మనం తలుపు తీసేసరికి ఆ రాజు లేడు. ఒళ్లంతా బూడిదైన ఒక ముసలివాడు కత్తి పట్టుకుని మీదికి ఉరుకుతాడు. ఇప్పుడు ఎంత పెద్ద సంగీతం వస్తుందో అని ఎదురుచూస్తాం.

ఒక్క పియానో వస్తుంది. అంతే. డోలు లేదు, కోరస్ లేదు. ఖాళీ ఇంట్లో ఎవరో ఒంటరిగా వాయించుకుంటున్నట్టు. వాడేమో కత్తితో ఊపిరాడకుండా కొడుతుంటాడు, పాటేమో ఏడుస్తుంటుంది.

డోలు లేదు కాబట్టి ఇది నాయనకు అందదనుకున్నాను. తెరమీద బొమ్మే చూస్తాడులే అనుకున్నాను. నేను ఓడిపోయాను. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ ఓడిపోయాను. నాలుగోసారి తలుపు తీస్తుంటే నాయన వంగి స్పీకర్ మీద అరచెయ్యి పెట్టాడు.

‘‘ఇది కాటి సీనురా’’ అన్నాడు.

‘‘వినపడ్తాందా నాయనా?’’

‘‘వినపడ్తాంది. ఒగ పెట్టె పలుకుతాంది. మృదంగం ల్యాదు. కాటి సీనులో మేం చేతులు తీసేస్తాం. చంద్రమతి బిడ్డను ఎత్తుకోనొచ్చేటప్పుడు మృదంగం కొట్టినావంటే జనం తంతారు. ఒట్టి హార్మోనియమే. ఎవుడ్రా ఆ ముసిలోడు?’’

‘‘రాజు.’’

‘‘వాని రాజ్యం ఎప్పుడో పోయింది. నువ్వు వాన్ని కొట్టేది యుద్ధం గాదు. పాడె మోసేదిగా ఉండాది.’’

గ్విన్ పాట గురించి నేను ఎన్నో విశ్లేషణలు చదివాను, వీడియోలు చూశాను. ఒక్క అక్షరం ఇంగ్లీషు రాని, గేమ్ కథ తెలియని మా నాయన, అరచెయ్యి ఆనించి, అర చెవితో విని, వాటన్నిటికంటే సూటిగా చెప్పేశాడు. ఎప్పుడు కొట్టాలో తెలిసినవాడికి ఎప్పుడు కొట్టకూడదో కూడా తెలుస్తుంది కదా. 2016లో వచ్చిన ‘డార్క్ సోల్స్ 3’లో చివరి బాస్ ఒకసారి ప్రాణమంతా పోగొట్టుకుని మళ్లీ లేచాక, యుకా కితమురా కట్టిన సంగీతంలో ఇదే పియానో వరస మళ్లీ తొంగిచూస్తుంది. అది కూడా వినిపించాను. ‘‘సచ్చినోడు గుర్తుకొచ్చినాడు’’ అన్నాడు.

ఆ రాత్రే అడిగాను. ‘‘పెట్టె పలికితే వినపడ్తాంది, ఆమె పాట వినపడలా. అది ఎందుకో తెలుసుకుందాం. మిషను సంగతి తర్వాత చూద్దాం.’’ కాసేపు మాట్లాడలేదు. ‘‘సరే, పోదాం పా’’ అన్నాడు.

చెవి లెక్క

ప్రొద్దుటూరులో పరీక్ష చేశారు. ఒక గదిలో కూర్చోబెట్టి, లావు శబ్దం నుంచి సన్న శబ్దం దాకా ఒక్కొక్కటీ వినిపించి, ఎక్కడ వినపడితే అక్కడ చెయ్యెత్తమన్నారు. కాగితం మీద గీత వచ్చింది. ఎడమ వైపు బాగానే సాగి, కుడి వైపు లోయలోకి దిగిపోయింది. పెన్న గండికోట దగ్గర దిగినట్టు.

డాక్టరు చెప్పింది ఇది. చెవి లోపల నత్తగుల్ల లాంటి భాగంలో సన్నటి వెంట్రుకల్లాంటి కణాలుంటాయి. పెద్ద మోతలో ఏళ్ల తరబడి ఉంటే అవి చచ్చిపోతాయి. మళ్లీ మొలవవు. ముందు పోయేది సన్న శబ్దాలు పట్టే కణాలే, ముఖ్యంగా 4000 హెర్ట్జ్ దగ్గర. 85 డెసిబెల్స్ దాటిన మోతలో రోజుకు 8 గంటలు ఏళ్లకేళ్లు పనిచేస్తే ఈ ప్రమాదం ఉంటుంది. రాళ్లకు పాలిష్ పట్టే మిషన్ పక్కన నిలబడి మాట్లాడాలంటే అరవాల్సిందే. అరిస్తేగానీ వినపడని చోట ఉన్నామంటేనే చెవికి చేటు అని గుర్తుపెట్టుకోమన్నారు.

మన మాటల్లో ‘స’, ‘శ’, ‘త’, ‘క’ లాంటి హల్లుల పదును సన్న శబ్దాల్లోనే ఉంటుంది. అవి పోతే గొంతు వినపడుతుంది, మాట తెలియదు. నటుడు రాగం తీస్తున్నాడా, పాదం ముగించాడా అన్నది తెలియదు. అంటే ఆ రాత్రి డ్రామాలో తప్పింది నాయన తాళం కాదు, చెవి. అది విన్నాక ఆయన ముఖంలో ఏదో బరువు దిగినట్టనిపించింది. ఆరేళ్లుగా తన చెయ్యి పాడైందనుకున్నాడు పాపం.

డోలు మోత లావు శబ్దం కాబట్టి అందింది. పియానో సంగతి కూడా అడిగాను. పియానోలో అన్నిటికంటే సన్నటి మెట్టు కూడా 4200 హెర్ట్జ్ లోపే ఉంటుంది. గ్విన్ పాట నడిచేది దానికి చాలా కిందనే. నాయన చెవిలో ఇంకా ప్రాణమున్న చోటే ఆ పాట నడుస్తోందన్నమాట. 

తర్వాత డాక్టరు నా వైపు తిరిగారు. నాకూ అదే పరీక్ష. నా గీతలో కూడా కుడి వైపు చిన్న పల్లం మొదలైంది. నాకు 30 ఏళ్లు. పాలిష్ మిషన్ ముఖం చూడలేదు. హెడ్‌ఫోన్సే. పెద్దవాళ్లకు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ వరకే క్షేమం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. శబ్దం పెరిగేకొద్దీ ఆ గంటలు వేగంగా తగ్గిపోతాయి. నేను ఎంత పెట్టుకుని విన్నానో నాకే తెలుసు. ఇష్టమైన పాటను చెవులు పోయేదాకా వింటే, పోయేది ముందు ఆ పాటే.

మీ ఇంట్లో గేములాడే పిల్లలుంటే ఒక్క మాట. గేమ్ ఆపమని పోట్లాడేముందు శబ్దం తగ్గించమని చెప్పండి. పెద్దవాళ్లెవరైనా పిలిస్తే పలకడం లేదా? పరధ్యానం అనుకోకండి. కోపం అని అసలే అనుకోకండి. ఒకసారి పరీక్ష చేయించండి.

కంటితో వాయించే పాట

మిషను పెట్టుకోవడానికి నాయనకు నెల పట్టింది. మొదటి రోజు అమ్మ గాజుల చప్పుడు విని, ‘‘ఏందే ఇంత మోత జేస్తాండావు?’’ అన్నాడు. అమ్మ కళ్లొత్తుకుంది. ఇంట్లో తప్ప బయట ఇంకా పెట్టుకోడు. డ్రామాలకు పోతాడా అంటే ఏమో. అడిగితే మాట దాటేస్తాడు. పద్యం మధ్యలో జనం నవ్విన నవ్వు ఆయన చెవిలో ఇంకా ఉంది. దానికి మిషన్లు లేవు.

పోయిన ఆదివారం మధ్యాహ్నం మాత్రం గూట్లో నుంచి మృదంగం దించాడు. దుమ్ము తుడిచాడు. వార్లు వదులైపోయాయి, వలంతల మీద కరణి పగిలి రాలింది. ‘‘దీనికి మూతలేపించాల’’ అనుకున్నాడు తనలో తనే. ఎడమ వైపు తొప్పి మాత్రం బాగానే ఉంది. అమ్మనడిగి బొంబాయి రవ్వ తడిపి దాని మీద అంటించాడు. గోడకానుకుని కూర్చుని ఒక్క దెబ్బ వేశాడు. ధుమ్మని ఇల్లంతా పలికింది. బండలు కూడా.

‘‘ఆ కొండ రాచ్చసుని ఆట పెట్టు’’ అన్నాడు.

కొలోసస్ పెట్టాను. ‘‘పాట ఆపేయ్’’ అన్నాడు. సంగీతం శబ్దం సున్నాకు తగ్గించాను. గాలి, గిట్టల చప్పుడు మాత్రమే. నేను జూలు పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టగానే తొప్పి మీద నడక మొదలైంది. జారితే ఆగింది. వేలాడితే నెమ్మదించింది. నేను వెనక్కి తిరిగి చూశాను.

‘‘నన్ను సూడొద్దు. నువ్వు ఆడుకో. నేను నీ సేతులు సూచ్చాండా’’ అన్నాడు నాయన.

నా ఇష్టమైన బాస్ సంగీతం ఏదని ఇప్పుడెవరైనా అడిగితే, అది ఏ ఆల్బమ్‌లోనూ దొరకదు. చిలమకూరులో ఒక నాపబండల ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాలు మాత్రమే వినపడుతుంది. ఆ రోజు చివరి దెబ్బ ఎప్పుడు వేస్తానో నాకే తెలియదు. ఆయనకు తెలిసింది. కత్తి దిగడం, ముక్తాయింపు పడడం రెండూ ఒక్కసారే జరిగాయి.